మలయ సామ్రాజ్యంలో గిన్నె నాణెం

కాకినాడలో మలయమారుత ఎన్‌క్లేవ్ అని ఒక అపార్ట్‌మెంటు ఉంది. కిందటి వేసవిలో కొన్నాళ్లపాటు అదే స్థలంలో మలయ సామ్రాజ్యం కూడా ఉండేది. అపార్ట్‌మెంటుకి ఒక నీళ్ల ట్యాంకు, ఒక జనరేటరు, ఒక కమ్యూనిటీ హాలు. సామ్రాజ్యానికి ఒక చక్రవర్తి, ఇద్దరు మంత్రగాళ్లు, కావలసినంతమంది రాక్షసులు. రెండూ ఒకదాని జోలికి ఇంకొకటి పోకుండా హాయిగా బతికేవే. చిక్కల్లా ఆ హాలు దగ్గర వచ్చింది. సామ్రాజ్యం వారికి అది అసుర దుర్గం. రెండో అంతస్తులో ఉండే సువర్చలకి మాత్రం అది అత్తగారి సహస్ర చంద్ర దర్శనం జరిపించడానికి కాకినాడ మొత్తం మీద మిగిలిన ఒకే ఒక్క చోటు.

సామ్రాజ్యాన్ని తెచ్చినవాడు మూడో అంతస్తు ఉజ్వల్. ఇంట్లోంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునే కుర్రాడు. సెలవుల్లో పిల్లలు ఫోన్లు వదలడం లేదని అసోసియేషన్ మీటింగులో తల్లులందరూ గోలపెడితే, అతను లేచి ఒక ఆట గురించి చెప్పాడు. బయటి దేశాల్లో పెద్దపెద్దవాళ్లే అడవుల్లో గుడారాలు వేసుకుని ఆడతారట. ఒకరు రాజు, ఒకరు మాంత్రికుడు, ఒకరు రాక్షసుడు. వేషం ఒంటి మీద ఉన్నంతసేపూ ఆ మనిషి అదే. స్పాంజి కత్తులతో యుద్ధాలు. చచ్చిపోయినవాళ్లు తలమీద తువ్వాలు కప్పుకుని కాసేపు లిఫ్టు పక్కన నిలబడి, మళ్లీ బతికి రావచ్చు.

పిల్లలు రెండు ఆదివారాలు ఆడి, బోరు కొట్టి, ఫోన్ల దగ్గరికి వెళ్లిపోయారు. నాన్నలు మిగిలిపోయారు. ఇంట్లో ఫ్యాను స్పీడు కూడా తమ ఇష్టప్రకారం పెట్టుకోలేని మగవాళ్ల చేతికి కత్తి ఇచ్చి, రాజ్యం కాపాడమంటే ఇంకేం కావాలి? సువర్చల భర్త విశ్వం పోర్టు ఆఫీసులో సూపరింటెండెంటు. ఆయన రాక్షసుడిగా చేరాడు. ఆ పొట్టకి వేరే మేకప్ అక్కర్లేదని అందరూ ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు.

అసోసియేషన్ ప్రెసిడెంటు తారకేశ్వరరావుగారు సబ్ రిజిస్ట్రారుగా రిటైరైన మనిషి. కమిటీకి తెలియకుండా కాంపౌండులో ఏదో జరిగిపోతోందన్న సంగతి ఆయనకి మింగుడుపడలేదు. వెంటనే ఆటని కమిటీ పరిధిలోకి తీసుకున్నారు. పదవీరీత్యా చక్రవర్తి అయ్యారు. అయిన మర్నాడే స్పాంజి కత్తులన్నిటికీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసి, ఒక్కో కత్తికీ తూర్పున మొన, పడమర పిడి, ఉత్తరాన అంచు, దక్షిణాన అంచు అని చతుర్హద్దులు రాయించారు.

ఆ రాజ్యానికో డబ్బు ఉంది. పేరు వరహా. పసుపుపచ్చ ప్లాస్టిక్ బిళ్ల. రాక్షసుణ్ని చంపితే వరహాలు వస్తాయి. రాక్షసులు ఎంతమంది చచ్చినా కాసేపటికి లిఫ్టు దగ్గర్నుంచి లేచి వస్తారు కాబట్టి వరహాలకి కొరత లేదు. వాటితో కొనుక్కోగలిగింది మాత్రం ఒక్కటే, మాంత్రికుడి దగ్గర దొరికే ప్రాణరక్షక రసం. అది ఏ ఇంటి ఫ్రిజ్జులో చూసినా ఉండే నిమ్మకాయ నీళ్లే. దాంతో వీరులందరి దగ్గరా బిళ్లలు పేరుకుపోయాయి. వరహా అంటే ఎవరికీ గౌరవం లేకుండా పోయింది.

"గౌరవం కల్పించవలసిన బాధ్యత ప్రభుత్వానిది," అన్నారు చక్రవర్తి. ఇకపై ఎన్‌క్లేవ్‌లో ఏ వసతి కావాలన్నా, కారు కడుక్కునే చోటు మొదలుకుని మేడ మీద వడియాలు ఎండబెట్టుకునే జాగా దాకా, రుసుము వరహాల్లోనే చెల్లించాలని తీర్మానం చేయించారు.

సరిగ్గా ఆ వారమే సువర్చల హాలు అడగడానికి వెళ్లింది.

"వచ్చే నెల మా అత్తయ్యగారి సహస్ర చంద్ర దర్శనం అండీ. ఆదివారం ముహూర్తం పెట్టారు. హాలు కావాలి. అద్దె ఎంతో చెబితే ఇప్పుడే ఇచ్చేస్తాను."

తారకేశ్వరరావుగారు కళ్లజోడు సర్దుకున్నారు. నెత్తిన అట్టముక్క కిరీటం ఉండటం వల్ల ఆ సర్దుకోవడానికి కాస్త ఎక్కువ సమయం పట్టింది.

"ఎన్ని వరహాలు తెచ్చారమ్మా?"

"వరహాలు కాదండీ. డబ్బు."

"రూపాయలా?" ఆయన జాలిగా చూశారు. "అవి విదేశీ ద్రవ్యం కిందకి వస్తాయి. సదరు హాలు ప్రస్తుతం మలయ సామ్రాజ్యపు సరిహద్దుల్లో, అసురుల అనుభవంలో ఉన్నది. దాన్ని తాత్కాలికంగా విడిపించుకోవాలంటే వంద వరహాలు దాఖలు చేసుకోవాలి."

"ఆ అసురుల్లో మా ఆయన కూడా ఉన్నారు కదండీ. నేను చెబితే ఖాళీ చేసేస్తారు."

"అది మీ కుటుంబ వ్యవహారం. ఇది రాజ్య వ్యవహారం."

ఇంటికొచ్చి చెబితే అత్తగారు మాణిక్యాంబ నోరు తెరిచి వింది. ఆవిడకి ఎనభై ఒకటి వచ్చాయి. మోకాళ్లు పనిచెయ్యవు గానీ తక్కిన అవయవాలన్నీ, ముఖ్యంగా నోరు, దివ్యంగా ఉన్నాయి.

"చోద్యం కాకపోతే, నేను చూసిన పున్నాలకి వీళ్ల పర్మిషనేవిటే? వేరే హాలు చూసుకోరాదూ?"

"పెళ్లిళ్ల రోజులు అత్తయ్యగారూ. ఊళ్లో హాళ్లన్నీ ఎప్పుడో అయిపోయాయి. ఒకటి దొరికింది గానీ రెండో అంతస్తు, లిఫ్టు లేదు."

"నన్ను కుర్చీతో సహా మోసేస్తారు లెద్దూ."

"ఎవరండీ మోసేది?"

ఇద్దరూ విశ్వం వైపు చూశారు. ఆయన సోఫాలో కొమ్ములు తుడుచుకుంటున్నాడు. "నాకు వరహాలు రావు," అన్నాడు దీనంగా. "రాక్షసులకి జీతం లేదు. చావడమే మా పని. అది సేవ కిందకి వస్తుందిట."

"ఆఫీసులోనూ అంతేగా," అంది మాణిక్యాంబ.

సువర్చల ఆలోచించింది. ఆదివారం పొద్దున్నే పప్పు రుబ్బి, కింద కారు షెడ్డు దగ్గర స్టవ్వు పెట్టి గారెలు వెయ్యడం మొదలుపెట్టింది. వాసన కాంపౌండంతా పాకింది. సామ్రాజ్యంలో యుద్ధం ఆగిపోయింది. ఇరుపక్షాల సైన్యాలూ, తువ్వాళ్లు కప్పుకున్న శవాలతో సహా వరసలో నిలబడ్డాయి. మధ్యాహ్నానికి బకెట్టు వరహాలతో నిండింది. ఆ బకెట్టు పట్టుకెళ్లి చక్రవర్తి ముందు పెట్టింది.

ఆయన బకెట్టు వైపు చూడనైనా చూడలేదు. "ధర పెరిగిందమ్మా. ఈ ఉదయం నుంచి రాజ్యంలో వరహాలు చేతులు మారడం మా దృష్టికి వచ్చింది. చలామణి ఎక్కువైంది. హాలు ఇప్పుడు అయిదు వందలు."

మరుసటి ఆదివారం బజ్జీలు వేసింది. రెండు బకెట్లు నిండాయి. హాలు ధర మూడు వేలైంది. ఎంత వేయిస్తే హాలు అంత దూరం జరుగుతోందని అర్థమయ్యాక సువర్చల స్టవ్వు కట్టేసింది. అప్పటికి కారు కడుక్కునే చోటు కూడా ఆరొందల వరహాలైంది. జనం కార్లు కడగడం మానేశారు. వాచ్‌మన్ పిల్లాడు బిళ్లలతో తొక్కుడుబిళ్ల ఆడుకుంటున్నాడు.

అత్యవసర సమావేశం పెట్టారు. విలువ ఎందుకు నిలవడం లేదో చెప్పమని ఆట సూత్రధారి కాబట్టి ఉజ్వల్‌ని అడిగారు.

"అంకుల్, దేనికైనా విలువ ఎప్పుడొస్తుందంటే, తిరిగి ఇవ్వకపోతే ఏమైపోతుందో అన్న భయం ఉన్నప్పుడు," అన్నాడతను. "మా ఇంట్లో ఫ్రిజ్జు మీద ఒక గిన్నె ఉంది. రమామణి ఆంటీ దాంట్లో గుమ్మడికాయ పులుసు పంపించారు. పులుసు అదే రోజు అయిపోయింది. గిన్నె మాత్రం ఇంకా ఉంది. మా అమ్మకి నిద్ర లేదు. ఖాళీ గిన్నె ఎలా ఇస్తాం, ఏం వేసి ఇవ్వాలి అని. నిన్న నా పుట్టినరోజు కాకపోయినా పాయసం చేసింది, ఆ గిన్నె కోసం. అంకుల్, ఈ బిల్డింగులో నిజమైన ఎకానమీ అది. మన బిళ్లలు ఉత్త ప్లాస్టిక్."

అతను మాటవరసకి అన్నాడు. చక్రవర్తి మాత్రం ఆ మాట దగ్గరే ఆగిపోయారు. చూస్తుండగానే ఆయన ముఖం వికసించింది.

మర్నాడు లిఫ్టులో నోటీసు వెలిసింది.

*ఇందుమూలముగా మలయ సామ్రాజ్య ప్రజలకు తెలియజేయునది ఏమనగా, వరహా రద్దు కావించి, దాని స్థానే గిన్నెను అధికార ద్రవ్యముగా ప్రకటించడమైనది. ఒకరి గిన్నె మరొకరి ఇంట నిలువ ఉన్నచో, గిన్నె గలవారు ఋణదాత, ఇల్లు గలవారు ఋణగ్రస్తులు. ఎవరి గిన్నె ఎక్కువ ఇండ్లలో ఉండునో వారే ధనవంతులు. పదార్థముతో తిరిగి ఇచ్చిన గిన్నె చెల్లు. ఖాళీగా ఇచ్చిన గిన్నె దివాలా. కమ్యూనిటీ హాలు కోరువారి గిన్నెలు ఇరవై ఇండ్లలో ఉండవలెను.*

సువర్చల ఆ నోటీసు చదివి సంతోషంగా ఇంటికొచ్చింది. పెట్టుపోతల్లో ఆవిడ చెయ్యి పెద్దది. ఈ పాటికి ఆ బిల్డింగులో ఆవిడ పంపించిన పచ్చడి తినని ఇల్లు లేదు. తీరా లెక్క చూసుకుంటే బండారం బయటపడింది. తిరిగి ఇచ్చే ఇబ్బంది వాళ్లకెందుకని, ఎప్పుడూ స్వీటు షాపు వాడిచ్చిన ప్లాస్టిక్ డబ్బాల్లోనే పెట్టి పంపేది. మూత కూడా సరిగ్గా పట్టని డబ్బాలు. ఎవరూ దాచుకోలేదు. దాచుకున్నా చెల్లవు.

"ప్లాస్టిక్ మారకాన్ని నిన్ననే రద్దు చేశాం కదమ్మా," అన్నారు చక్రవర్తి.

కాబట్టి ఆవిడ స్టీలు గిన్నెల్లో కొబ్బరన్నం పెట్టుకుని బయల్దేరింది. మొదట తన ప్రాణస్నేహితురాలు రమామణి తలుపు కొట్టింది. లోపల చప్పుడైంది. తలుపు మాత్రం తెరుచుకోలేదు.

"రమా, నేనే. కొబ్బరన్నం."

"తెలుసే. తలుపు కన్నంలోంచి కనిపిస్తున్నావు."

"మరి తియ్యి."

"సువర్చలా, నువ్వంటే నాకు ప్రాణం. నీకు జ్వరమొస్తే రాత్రంతా కూర్చున్నాను, అవునా? కానీ ఆ గిన్నె పట్టుకుని నా గుమ్మం తొక్కకు. ఇప్పటికే నాలుగు గిన్నెల అప్పులో ఉన్నాను. మా ఆయన సేనాపతి పదవి పోతుందిట."

"పోనీ తినేసి గిన్నె వెంటనే ఇచ్చెయ్యి."

"ఖాళీగానా? దివాలా తియ్యమంటావా?"

ఏ అంతస్తుకి వెళ్లినా ఇదే వరస. అందరూ ఇవ్వాలనుకునేవాళ్లే, పుచ్చుకునేవాడు లేడు. తెల్లారి తలుపు తీస్తే గడియకి కట్టేసిన గిన్నెలు కనిపించేవి. పుచ్చుకున్నట్టా కాదా అని తగువులు. పెరుగు తోడుకి ఎవరూ ఎవరినీ అడగడం లేదు. పది రోజుల్లో ఆ బిల్డింగులో ఒక ఇంటి కూర రుచి ఇంకో ఇంటికి తెలియకుండా పోయింది.

అప్పులు తీర్చుకోవడానికి జనం తెలివి చూపించారు. గిన్నెలో రెండు పలుకుల పంచదార వేసి ఇచ్చేసేవారు. అది ఖాళీయా కాదా? 'ఖాళీ నిర్ధారణ ఉపసంఘం' ఏర్పడింది. గిన్నె తలకిందులు చేసినప్పుడు ఏదైనా కిందపడితే నిండు, పడకపోతే ఖాళీ అని ఉపసంఘం తేల్చింది. అలా అయితే అడుగంటిన హల్వా ఖాళీ కిందకే వస్తుందని ఎవరో అభ్యంతరం చెప్పారు. ఉపసంఘం మళ్లీ కూర్చుని, ప్రయోగం నిమిత్తం హల్వా తెప్పించుకుని, నివేదిక వాయిదా వేసింది. ప్రయోగం మూడు రోజులు సాగింది.

ఈలోగా ఇంకో తగువు. బజార్లో కొత్త గిన్నెలు కొని, మావే అని పక్కిళ్ల గడియలకి తగిలిస్తున్నారని ఫిర్యాదులొచ్చాయి. చక్రవర్తి ఉద్యోగ జీవితమంతా ఎదురుచూసిన ఘడియ వచ్చింది. రాజ్యంలోని గిన్నెలన్నీ హాల్లో రిజిస్టరు చేయించుకోవాలన్నారు.

"హక్కు ఎలా తేలుస్తారండీ?" అని అడిగాడు విశ్వం. ఆ రోజు ఆయన దుర్గానికి కాపలా.

"పేరు! గిన్నె మీద చెక్కిన పేరు ఎవరిదో సొత్తు వారిది. దస్తావేజులో ఉన్న పేరుని కాదని నేను నా సర్వీసు మొత్తంలో ఒక్క సంతకం పెట్టలేదు."

అక్కడే పొరపాటు జరిగింది. మన ఇళ్లలో గిన్నె మీద గిన్నె గలవాళ్ల పేరు ఎప్పుడుంటుంది? ఇచ్చినవాళ్ల పేరుంటుంది. ఆ ఉదయం హాల్లో బల్ల మీదికొచ్చిన మొదటి గిన్నె మీద 'మేనత్త సీతారత్నం, తుని' అని ఉంది. రెండోదాని మీద ఎవరిదో పెళ్లి తేదీ, వధూవరుల పేర్లు. ఆ వధూవరులు విడిపోయి చాలా కాలమైంది. మూడోదాని మీద 'కీ.శే. కామరాజుగారి జ్ఞాపకార్థం' అని ఉంది.

"కీర్తిశేషులు ఋణదాతగా ఉండవచ్చా?" అని కోశాధికారి అడిగాడు.

"ఉండవచ్చు. వారసత్వ ధ్రువపత్రం తెచ్చుకోవాలి," అన్నారు చక్రవర్తి. అధైర్యం ఆయన ఇంటావంటా లేదు. "తరవాతది చదువు."

"వేమవరపు మాణిక్యాంబ."

"తరవాతది?"

"వేమవరపు మాణిక్యాంబ."

కోశాధికారి చదువుతూనే ఉన్నాడు. ఒక ఇంటి తరవాత ఇంకో ఇల్లు వచ్చి మూట విప్పుతోంది. ప్రతి మూటలోనూ ఒక గుండ్రటి లోతు గిన్నె, దాని అంచు కింద అవే అక్షరాలు. అప్పుడు అందరికీ ఒక్కొక్కరికే గుర్తొచ్చింది. బిల్డింగు కట్టిన కొత్తలో రెండో అంతస్తు వాళ్ల గృహప్రవేశానికి ఆ ముసలావిడ గుమ్మంలో కూర్చుని, వచ్చినవాళ్లందరికీ పసుపు కుంకాలతో ఒక్కో గిన్నె చేతిలో పెట్టింది. మంచి గేజి గిన్నెలు. సొట్ట పడవు, అడుగు మాడదు. అంచేత పదేళ్లుగా ఆ బిల్డింగులో ఎవరు ఎవరికి ఏం పంపినా ఆ గిన్నెలోనే పంపుతున్నారు.

తారకేశ్వరరావుగారి భార్య తెచ్చిన మూటలో అయితే రెండున్నాయి.

మాణిక్యాంబని కిందకి తీసుకొచ్చారు. ఇద్దరు రాక్షసులు చెరోపక్కా పట్టుకున్నారు. అందులో ఒకడు కొడుకే. ఆవిడ కుర్చీలో కూర్చుని బల్ల మీది గిన్నెల్ని చూసింది.

"మామ్మగారూ, మీరిప్పుడు సామ్రాజ్యంలోకల్లా ధనవంతులు," అన్నాడు ఉజ్వల్. అతనికి నవ్వు ఆగడం లేదు. "అందరూ మీకు బాకీ."

"నాకా? నేను ఇచ్చేసినవి కదుటయ్యా అవి?"

"ఇచ్చేసినట్టు గిన్నె మీద రాయలేదు మామ్మగారూ. మీ పేరొక్కటే రాశారు."

మాణిక్యాంబ కోడలి వైపు చూసింది. కోడలు తల ఊపింది. "అయితే నాకు హాలివ్వండి. ఇంకేం వద్దు," అందావిడ.

నిబంధన నిబంధనే. లెక్క ఇరవై ఇళ్లు ఎప్పుడో దాటింది. చక్రవర్తి అక్కడికక్కడే హాలు రాసిచ్చారు. సువర్చల ఆ సాయంత్రమే చుట్టాలందరికీ ఫోన్లు చేసింది. విజయనగరం నుంచి ఆడపడుచు, ఏలూరు నుంచి అత్తగారి తమ్ముడు, అందరూ టిక్కెట్లు తీసుకున్నారు. ముహూర్తం ఆదివారం. శాస్త్రులుగారికి చెప్పారు. అత్తగారికి మామిడిపండు రంగు పట్టుచీర కొన్నారు. ఆవిడ దాన్ని రోజుకి రెండు సార్లు పెట్టెలోంచి తీసి చూసి, "నాకెందుకే ఇప్పుడీ రంగు," అని మళ్లీ పెట్టుకునేది.

గురువారం పొద్దున్న లిఫ్టులో ఇంకో నోటీసు వచ్చింది.

*సామ్రాజ్యాధిపతితో సహా ఎల్లరూ ఒక సామాన్య పౌరురాలికి బాకీపడి ఉండుట రాజ్యాంగ సంక్షోభమని భావించి, గిన్నె ద్రవ్యమును పూర్వకాలమునుండి వర్తించునట్లు రద్దుపరచడమైనది. ఆదివారం ఉదయం తొమ్మిది గంటలకు, కమ్యూనిటీ హాలునందు, శ్రీమతి వేమవరపు మాణిక్యాంబగారి పేరుగల గిన్నెలన్నియు వారికి స్వయముగా, ఖాళీగా అప్పగించవలెను. ద్రవ్యమే రద్దయినందున సదరు ద్రవ్యముపై ఆధారపడిన హాలు కేటాయింపు కూడ రద్దు.*

సువర్చల లిఫ్టులో పైకీ కిందకీ రెండుసార్లు వెళ్లింది. ఏ అంతస్తులో దిగాలో తోచలేదు. ఆడపడుచు ఈపాటికి సామాను సర్దుకుంటూ ఉంటుంది. అత్తగారికి ఏమని చెప్పాలి? ఆవిడ ఏ రోజూ ఏదీ కావాలని అడిగిన మనిషి కాదు. ఈ ఒక్కటి అడిగింది. అదైనా, "నా వాళ్లందరినీ ఒక్కచోట కూర్చోబెట్టి ఒకసారి చూడాలనుందే," అని.

మూడోసారి కిందకి దిగుతూ నోటీసు మళ్లీ చదివింది. ఈసారి ఇంకాస్త నెమ్మదిగా చదివింది. కింద తలుపు తెరుచుకోగానే నేరుగా ఆఫీసు గదికి వెళ్లింది. కొంగు భుజం చుట్టూ కప్పుకుని, వినయంగా నిలబడింది.

"కమిటీ నిర్ణయానికి మేం కట్టుబడి ఉంటామండీ."

తారకేశ్వరరావుగారు యుద్ధానికి సిద్ధంగా ఉన్నారు. ఈ మాట విని కిరీటం తీసి బల్ల మీద పెట్టారు. "సంతోషం తల్లీ. విద్యావంతులు మీరు."

"చిన్న సందేహాలండీ. ఆదివారం తొమ్మిదింటికి అత్తయ్యగారు స్వయంగా హాల్లో ఉండాలి కదండీ?"

"ఉండాలి. స్వయముగా అని స్పష్టంగా రాశాం."

"ఆవిడ నిలబడలేరండీ. కుర్చీ వేసుకోవచ్చా?"

"మానవతా దృక్పథంతో అనుమతిస్తాం."

"కొత్త చీర కట్టుకోవచ్చాండీ?"

"చీర విషయంలో కమిటీకి ఏ అభిప్రాయమూ లేదు."

"మరి అప్పగింతకి సాక్షులుండాలేమో. మా తరపున కొందరు చుట్టాలు..."

"సాక్షులు లేని అప్పగింత చెల్లదు. తప్పక రావాలి. ఎంతమందైనా సరే."

"శాస్త్రులుగారొకరు ఉంటే, ఇచ్చిపుచ్చుకోవడం మంచి ఘడియలో జరిగేట్టు చూస్తారండీ. రేపు ఎవరూ దుర్ముహూర్తంలో ఇచ్చారని కోర్టుకెక్కకుండా."

తారకేశ్వరరావుగారు చాలా లోతుగా ఆలోచించారు. "ముందుచూపు," అన్నారు. "ఇది మాకు తట్టనే లేదు."

"సాక్షులకి మధ్యాహ్నం దాటిపోతుందేమోనండీ."

"ప్రభుత్వ సాక్షులకి భత్యం ఇవ్వడం ఆనవాయితీ. ద్రవ్యం రద్దయింది కనక, అన్నరూపంలో ఇవ్వవచ్చు." ఆయనే కాగితం తీసి రాసి, సంతకం పెట్టి, కింద గుండ్రటి ముద్ర వేశారు.

ఆదివారం తొమ్మిదింటికి మాణిక్యాంబ మామిడిపండు రంగు చీరలో హాలు మధ్యలో కూర్చుంది. చుట్టూ సాక్షులు కూర్చున్నారు. విజయనగరం సాక్షి అప్పటికే ఏడుస్తోంది. శాస్త్రులుగారు మంచి ఘడియ కోసం మంత్రాలు మొదలుపెట్టారు. వరసగా ఇళ్లవాళ్లు రావడం ఆరంభమైంది.

మొదట రమామణి వచ్చింది. గిన్నె మీద పళ్లెం మూత పెట్టి ఉంది. అది తీస్తే చక్రపొంగలి.

"ఖాళీగా ఇవ్వాలని నోటీసులో ఉంది కదే," అంది సువర్చల.

"ఉందే. ఖాళీ గిన్నె చేత్తో పట్టుకుని నాలుగు మెట్లు దిగాను. కాళ్లు కదల్లేదు. వెనక్కి వెళ్లి పొయ్యి వెలిగించాను." రమామణి గిన్నె ముసలావిడ ఒళ్లో పెట్టి కాళ్లకి దణ్ణం పెట్టింది. తరవాత స్నేహితురాలి భుజం మీద ఒక్కటి చరిచింది. "ఆ కొబ్బరన్నం ఏం చేశావే రాక్షసీ? వాసనకి చచ్చిపోయాను ఆ రోజు."

ఆమె వెనక ఉజ్వల్ వాళ్లమ్మ, పూర్ణాలతో. ఆమె వెనక ఉపసంఘం అధ్యక్షుడు, తలకిందులు చేసినా కిందపడని హల్వాతో. పులిహోర వచ్చింది, మామిడికాయ పప్పు వచ్చింది, పనసపొట్టు కూర వచ్చింది. ఒక్క గిన్నె కూడా ఖాళీగా రాలేదు. సువర్చల వంటవాళ్లకి చెప్పి రెండు కూరలు మాన్పించింది. తువ్వాళ్లు కప్పుకోవాల్సిన రాక్షసులు వాటిని నడుముకి చుట్టుకుని విస్తళ్లు వేశారు.

అందరికన్నా చివర తారకేశ్వరరావుగారు వచ్చారు. రెండు చేతుల్లో రెండు గిన్నెలు. మూతల మీద మూతలు. ముఖం ఎర్రగా ఉంది.

"నేను ఖాళీగానే తేవాలని ఎంతో చెప్పానండీ," అన్నారు మాణిక్యాంబతో, చాలా మెల్లగా. "ఉత్తర్వు మీద సంతకం నాదే అని కూడా చెప్పాను. మా ఆవిడ, 'సంతకం మీది, పరువు నాది' అంది."

మాణిక్యాంబ మూత తీసి చూసింది. "కాజాలు! మీ ఆవిడ చెయ్యి అమృతమండీ. కూర్చోండి. అక్షింతలు వెయ్యండి ముందు."

ఆయన అక్షింతలు వేశారు, పైగా అందరికన్నా ఎక్కువసేపు. తరవాత బంతిలో కూర్చుని తృప్తిగా భోంచేశారు. చెయ్యి కడుక్కుని, తాంబూలం నములుతూ, కమిటీ పుస్తకం తెప్పించుకుని నుదుటి మీద కుంకంబొట్టుతోనే ఆ రోజు కార్యక్రమం రాసి, నలుగురూ వినేలా చదివారు.

"సదరు హాలునందు, కమిటీ ఉత్తర్వుల మేరకు, సాక్షుల సమక్షమున గిన్నెల అప్పగింత మాత్రమే జరిగినది. వేడుక ఏదియు జరగలేదు. సహస్ర చంద్ర దర్శనము బొత్తిగా జరగలేదు."

సువర్చల కంగారుగా అత్తగారి వైపు చూసింది. మెడలో బంతిపూల దండ, కొంగంతా అక్షింతలు, ఒళ్లో ఎవరిదో చంటిపిల్ల. మాణిక్యాంబ హాలు ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒక్కొక్కరినీ నిదానంగా చూసుకుంటూ వచ్చింది.

"జరగనిదే ఇంత బావుంది," అంది. "జరిగుంటే తట్టుకోలేకపోయేదాన్ని."